రెండో చెయ్యి మన ఊళ్లో

మోంతారెల్,
1 సెప్టెంబర్ 1996

తమ్ముడూ ఆడెలీనో,

నేనూ, కోళ్ళూ, ద్రాక్ష పందిరీ కులాసా. నువ్వూ కులాసా అని ఊరికే రాసి పడెయ్యకు, నిజంగా కులాసాగా ఉండు.

విషయానికొస్తాను. వార్త నీకు ముందే తెలిసి ఉంటుంది, జర్మనీలో కూడా పేపర్లుంటాయిగా. మన మోంతారెల్ ఫుట్‌బాల్ జట్టు యూరప్ కప్పు ఆడుతోంది! మేకలు మేసే మైదానంలో, బంతి ఏట్లో పడితే ఈదుకెళ్ళి తెచ్చుకున్న జట్టు! మొదట నాలుగేసి జట్ల గుంపులు. ఒక్కొక్కళ్ళతో రెండేసి ఆటలు, ఒకటి ఇంట, ఒకటి బయట. డిసెంబర్‌కి గుంపులో మొదటి ఇద్దరు మిగులుతారు, తక్కినవాళ్ళు మూట సర్దుకోవడమే. మన గుంపులో స్వీడన్ వాళ్ళు, గ్రీసు వాళ్ళు, హాలండ్ వాళ్ళు పడ్డారు. మనం మిగులుతామని ఫాదర్‌గారు కూడా అనుకోవడం లేదు.

ఇప్పుడు నీ సంగతి. పంతొమ్మిది వందల డెబ్బయ్యొకటిలో, మన సర్కారు ఆఫ్రికాలో చేస్తున్న యుద్ధానికి సైన్యంలోకి పట్టుకుపోతారని నువ్వు కొండదారిన దేశం దాటేముందు, జెఫెరీనో హోటల్లో ఏమన్నావో గుర్తుందా? "మళ్ళీ ఎప్పుడొస్తావురా?" అని వాడడిగితే, "మోంతారెల్ యూరప్‌లో ఆడిన రోజు వస్తాలే!" అన్నావు. అందరూ బల్లలు చరిచి నవ్వారు. అది 'ఇక రాను' అని చెప్పడమేనని అందరికీ అర్థమైంది, అమ్మకి తప్ప. "యూరప్ ఏ నెలలో వస్తుందే?" అని నన్నడిగింది పాపం. అదేదో పండగనుకుంది.

జెఫెరీనో ఏదీ మర్చిపోడు, అప్పు తప్ప. వేసవిలోనే నీకోసం టికెట్టు కొని గల్లాపెట్టె పైన అంటించాడు. సెప్టెంబర్ ఇరవై అయిదున గ్రీసు వాళ్ళతో ఇక్కడే ఆట. నువ్వొస్తున్నావు. ఇరవై అయిదేళ్ళుగా నీ మొహం ఫోటోల్లో చూసి చూసి విసుగెత్తింది. నీ జుట్టు ఎంత మిగిలిందో నా కళ్ళతో చూడాలి.

ఈ కప్పులో ఆటకి ముందు కెప్టెన్లిద్దరూ బుల్లి జెండాలు ఇచ్చుపుచ్చుకుంటారట. మన జట్టు జెండాలు కుట్టే పని నాకిచ్చారు. మిషను మీద చేయిస్తామన్నారు. నేనుండగా మిషనేమిటని అరిచాను. మగ్గం మీద నేసిన అవిసెనార బట్ట సంపాదించి, ఆరు ఆటలకి ఆరు జెండాలు కత్తిరించిపెట్టాను.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నువ్వు 'ఆ', 'ఊ' తప్ప అనవు. ఉత్తరంలోనైతే కాస్త నోరు విప్పుతావు.

నీ అక్క,
ఎర్మెలిండా


ఎర్లెన్‌బ్రుక్,
12 సెప్టెంబర్ 1996

అక్కా,

నీ ఉత్తరం ట్రాం షెడ్డులో, నూనె చేతుల్తోనే విప్పాను. ఈ మరకలు అందుకే, తిట్టకు. నేను నవ్వుతుంటే మేస్త్రీ వచ్చి "ఏమైంది, లాటరీ తగిలిందా?" అన్నాడు. అంతకంటే పెద్దదేనన్నాను.

నిన్న స్వీడన్‌లో మనవాళ్ళు గోలు పడకుండా ఆట ముగించారట. పక్కింటి ఎక్‌హార్ట్ రేడియోలో విన్నాను. ఈ ఎక్‌హార్ట్ పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. ఇక్కడి జట్టంటే ప్రాణం. శనివారాలు నన్ను మైదానానికి లాక్కెళ్ళి పంది సాసేజీ తినిపిస్తాడు. బదులుగా నేను మన మాటలు నేర్పుతున్నాను. మొన్న 'తిరిగి రా' అంటే ఏమనాలని అడిగాడు. "బోల్టా" అన్నాను. వాడు నిఘంటువు తీసి "ఇందులో 'వోల్టా' అని ఉందే!" అన్నాడు. పుస్తకం తప్పన్నాను. మన వైపు వాళ్ళకి 'వ' నోరు తిరగదని ఒక జర్మనోడికి ఎలా చెప్పను?

ఇరవై అయిదుకి రావడం మాత్రం కష్టమక్కా. ఇద్దరు సెలవులో ఉన్నారు, షిఫ్టు వదలనివ్వరు. జెఫెరీనోని ఏమీ అనుకోవద్దని చెప్పు. ఇంకా రెండు ఆటలున్నాయిగా ఇంట్లో.

మొక్కజొన్న రొట్టె మీద సార్డీన్ చేప పెట్టుకుని, నూనె వేళ్ళమీదికి కారుతుంటే నాకాలని ఉంది. ఇక్కడ చేపలన్నిటికీ ఒకటే రుచి, డబ్బా రుచి.

నీ తమ్ముడు,
ఆడెలీనో


మోంతారెల్,
28 సెప్టెంబర్ 1996

తమ్ముడికి,

వోల్టా. వోల్టా. వోల్టా. పదిసార్లు రాయించి ఉందును గానీ కాగితం దండగ. ఆ పెద్దమనిషి నిఘంటువుకి నా నమస్కారాలు.

రెండు సున్నాతో గెలిచాం! రెండో గోలుకి ఫాదర్‌గారు టోపీ గాల్లోకి విసిరారు, అది ఇంకా దొరకలేదు. నీ కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. ఎవరో కూర్చోబోతే జెఫెరీనో లేపేశాడు. దానిమీద పొద్దుతిరుగుడు గింజల పొట్లం పెట్టి, "ఇదిగో ఆడెలీనో, వీడు తక్కువ మాట్లాడతాడు" అన్నాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఉప్పు చేప నీకని నానబెట్టింది ఒక్కదాన్నే తిన్నాను. అప్పుడు నవ్వు రాలేదు.

నీ షిఫ్టు సంగతి నమ్ముతున్నాను. అక్టోబర్ ముప్పయ్యిన స్వీడన్ వాళ్ళొస్తున్నారు. ఆ రోజుకి ట్రాములన్నీ చక్కగా నడవాలని పునీత ఆంథోనీ వారికి కొవ్వొత్తి మొక్కుకున్నాను.

అక్క


ఎర్లెన్‌బ్రుక్,
3 నవంబర్ 1996

అక్కా,

కొవ్వొత్తి పనిచేసింది, ట్రాములు నడిచాయి. మోకాలే నడవలేదు. షెడ్డులో మెట్టు తప్పి పడ్డాను, రైల్లో అంతసేపు కూర్చోలేనని డాక్టరన్నాడు. మామూలు బెణుకే, కంగారు పడకు.

స్వీడన్ వాళ్ళతో ఒకటి ఒకటి అని విన్నాను. రేడియోలో 'మోంతారెల్' అన్నప్పుడల్లా వీళ్ళు ఆ పేరుని ఎంత అందవికారంగా పలుకుతారో! అయినా వినాలనిపిస్తుంది. ఎవరో కొత్తవాళ్ళు మనింటి మనిషిని పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుంది.

గేటు పక్క నిమ్మచెట్టు కాస్తోందా? గేటుకి ఇంకా ఆ ఆకుపచ్చ రంగేనా?

ఆడెలీనో


మోంతారెల్,
6 డిసెంబర్ 1996

తమ్ముడూ,

మిగిలాం! గుంపులో రెండోవాళ్ళం! మొన్న హాలండ్ వాళ్ళని ఒక్క గోలుతో ఓడించాం. గ్రీసులో ఎలా ఓడామో, హాలండ్‌లో ఎన్ని తిన్నామో ఇప్పుడెవరూ అడగడం లేదు. చర్చి గంటలు కొట్టారు. ఎవరో చచ్చిపోయారనుకుని ముసలి కంపౌండరు నల్లకోటు వేసుకుని వచ్చేశాడు.

నీ కుర్చీలో మళ్ళీ గింజల పొట్లమే.

ఈసారి జ్వరమని కార్డు ముక్క రాశావా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఒకసారి షిఫ్టు, ఒకసారి మోకాలు, ఒకసారి జ్వరం. నిజం చెప్పు, అక్కడ పెళ్ళాం పిల్లలున్నారా? ఉంటే నేను కొరుక్కుతినను, తీసుకురా. ఒంట్లో పెద్ద జబ్బేమైనా ఉందా? లేక మమ్మల్ని చూడాలని లేదా? ఊరి నోరు నేను మూయించలేను. "జర్మనీలో దొర అయ్యాడు, మన బురదలో కాలు పెడతాడా?" అంటున్నారు. నేను ఒకడి మీద చీపురెత్తాను కూడా. కానీ చీపురెత్తి ఎన్నాళ్ళని నిన్ను కాపాడను?

గేటుకి అదే ఆకుపచ్చ. నిమ్మచెట్టు విరగకాసింది. రెండూ నిన్ను అడుగుతున్నాయి.

ఇంకో చిక్కొచ్చింది. ఆరు జెండాలకే బట్ట తెచ్చాను. ఏడోది అవసరమవుతుందని ఎవరనుకున్నారు? ఆ నేత ముసలమ్మ సెప్టెంబర్లోనే మగ్గం అమ్మేసింది. ఏం చెయ్యాలో చూస్తాను.

ఎర్మెలిండా


ఎర్లెన్‌బ్రుక్,
18 డిసెంబర్ 1996

అక్కా,

కూర్చునే చదువు. చీటీలు తీశారు. మనకి పడింది ఎర్లెన్‌బ్రుక్! నేనుంటున్న ఊరే! ఎక్‌హార్ట్ గోడ మీద కొట్టి కొట్టి పిలిచాడు. ఇద్దరం మెట్ల మీద నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "ఇప్పుడు మనం శత్రువులమా?" అన్నాడు. "మార్చి దాకా కాదు" అన్నాను.

మార్చి అయిదున ఇక్కడ, పంతొమ్మిదిన అక్కడ. ఇలాంటి జంట ఆటల్ని జర్మన్లు 'వెళ్ళే ఆట, తిరిగొచ్చే ఆట' అంటారు. మనం 'మొదటి చెయ్యి, రెండో చెయ్యి' అంటామని చెప్తే ఎక్‌హార్ట్ తన రెండు చేతుల్నీ చాలాసేపు చూసుకున్నాడు.

పెళ్ళాం లేదు, జబ్బు లేదు. చూడాలని లేదా అని మాత్రం ఎప్పుడూ రాయకు. చీపురు దెబ్బలైనా ఓర్చుకుంటాను.

క్రిస్మస్‌కి అమ్మ సమాధి మీద నా పేరున కొవ్వొత్తి వెలిగించు.

ఆడెలీనో


మోంతారెల్,
20 ఫిబ్రవరి 1997

తమ్ముడూ,

మొదటి చెయ్యి మీ ఊళ్లో, రెండో చెయ్యి మన ఊళ్లో. ఇక నువ్వు తప్పించుకునే దారి లేదు. మార్చి పంతొమ్మిది జోసెఫు గారి పండగ కూడా.

కుర్రాళ్ళు బస్సులు మాట్లాడుకుని మీ ఊరికి బయల్దేరుతున్నారు. నేను రాలేను. బస్సెక్కితే పక్కనున్న బ్రాగా ఊరు దాటకముందే నాకు వాంతులని నీకు తెలుసు. నా బదులు జెండా వస్తుంది. మొత్తానికి బట్ట దొరికింది. ఎక్కడ దొరికిందని అడక్కు, బట్ట బట్టే. ఎర్రదారంతో గొలుసుకుట్టు, రెండు జట్ల పేర్లూ, తారీఖూ. మీ ఊరి పేరులో అన్ని హల్లులేమిట్రా, వేళ్ళు నొప్పెట్టాయి. కెప్టెన్ చేతుల్లో టీవీలో చూపిస్తారట, చూడు.

ఈసారి ఏ వంకా రాయకు. వస్తానని ఒక్కమాట రాయి.

అక్క


మోంతారెల్,
6 మార్చి 1997

ఆడెలీనో,

ఇక 'తమ్ముడూ' అని రాయబుద్ధి కావడం లేదు.

నిన్న ఊరంతా జెఫెరీనో హోటల్లో టీవీ ముందుంది. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. నా జెండా చూపించారు, చప్పట్లు కొట్టారు. వాళ్ళు ఒక గోలు వేశారు, మనం ఒకటి వేశాం, హోటల్ కప్పు లేచిపోయింది. ఆ తర్వాత వాళ్ళు రెండోది వేశారు. అప్పుడు టీవీవాడు జనాన్ని చూపించాడు. "అడుగో ఆడెలీనో!" అని జెఫెరీనో అరిచాడు. ఫోటోల్లో కంటే లావయ్యావు. మెడలో వాళ్ళ పసుపు మఫ్లరు! వాళ్ళ గోలుకి లేచి నిలబడి చెయ్యి పైకెత్తావు!

జెఫెరీనో గల్లాపెట్టె దగ్గరికెళ్ళి నీకోసం మళ్ళీ కొని అంటించిన పంతొమ్మిదో తారీఖు టికెట్టు ఊడదీశాడు. చింపలేదు, సొరుగులో పడేశాడు. నేను శాలువా కప్పుకుని ఇంటికొచ్చేశాను.

ఇరవై అయిదేళ్ళ తర్వాత నిన్ను కదులుతూ చూడటం ఇదే మొదటిసారి. అది ఇలాగా ఆడెలీనో?

ఎర్మెలిండా


ఎర్లెన్‌బ్రుక్,
7 మార్చి 1997

అక్కా,

కోపంగా ఉంది. చల్లారాక రాద్దామనుకున్నాను, చల్లారలేదు.

మొన్న ఆట చూశాను. బస్సుల్లో వచ్చిన మనవాళ్ళని ఆ చివర ఇనపకంచె వెనక పెట్టారు. వాళ్ళ పాట ఇవతలికి వినబడుతోంది. నాకు మాటలన్నీ గుర్తొచ్చాయి గానీ, చుట్టూ వీళ్ళు, గొంతెత్తలేదు. ఓడిపోయాం, సరే.

నిన్న నీ జెండా చూడ్డానికి ఇక్కడి క్లబ్బుకి వెళ్ళాను. అద్దాల బీరువాలో పెట్టారు. ఎంత బాగుందో! మా అక్క కుట్టిందని చెప్పాను. కాపలా ముసలాయన గౌరవంగా బయటికి తీసి చేతికిచ్చాడు. అమ్మ ఏ కుట్టునైనా తిరగేసి చూసేదిగా, నేనూ తిరగేశాను. వెనక, మూల దగ్గర, వెలిసిపోయిన ఎర్రదారంతో 'బోల్టా'. 'బ'తో.

నువ్వు చదువుకున్నదానివి. నా మాటల్నీ, ఫాదర్‌గారి ప్రసంగాల్నీ దిద్దేదానివి. నీ సూదికి 'వ' రాక కాదు. కావాలనే అమ్మలా రాశావు. ఆమె మాటని ఎరగా గుచ్చి విసిరావు. పోయిన మనిషి గొంతుతో పిలవడం తప్పక్కా. చాలా తప్పు.

ఎందుకు రానో చెప్తాను విను. నేను వెళ్ళిన రోజు అమ్మ గేటు దగ్గర నిలబడింది. ఏడవలేదు. గేటు మీద చెయ్యి వేసి చూస్తూ ఉంది. మలుపు తిరిగేదాకా చూసుకున్నాను, అలాగే ఉంది. డెబ్బయ్ నాలుగులో మన దగ్గర సర్కారు మారి, ఇక పట్టుకోరని తెలిశాక, క్రిస్మస్‌కి టికెట్టు కొన్నాను. అక్టోబర్లో నీ టెలిగ్రాం వచ్చింది. అమ్మని ఖననం చేశాక వచ్చింది.

ఇక్కణ్ణుంచి తలుచుకుంటే అమ్మ ఇంకా గేటు దగ్గరే ఉంది. ఆకుపచ్చ గేటు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. నేనొస్తే గేటు దగ్గర ఎవరూ ఉండరు. రానంతకాలం ఉంటుంది. ఇదీ నా షిఫ్టు, ఇదీ నా మోకాలు. ఇప్పుడు నవ్వుకోండి అందరూ.

ఆడెలీనో


మోంతారెల్,
11 మార్చి 1997

తమ్ముడూ, నా తమ్ముడూ,

మన కోపాలు రెండూ దారిలో ఎదురుపడి ఉంటాయి. నాది నీకు చేరేసరికి నీది నాకు చేరింది. త్వరగా అందే పోస్టులో ఇది పంపుతున్నాను, ఆ మఫ్లరు సంగతి తర్వాత తేల్చుకుందాం.

విను. ఆ మాట నేను కుట్టలేదు.

బట్ట దొరక్క అమ్మ పెట్టె తెరిచాను. అడుగున ఆమె నేసిన అవిసెనార ముక్క ఒకటుంది, చేతిరుమాలు వెడల్పున. దాని మూలన ఆ ఒక్క మాట ఉంది, అంతే, తక్కినదంతా ఖాళీ. నువ్వు వెళ్ళిన ఏడాది మొదలుపెట్టింది. మన ఆడపిల్లలు మనసిచ్చినవాళ్ళకి కుట్టే రుమాళ్ళ మీది అక్షరాలే కదా అమ్మకి వచ్చిన చదువు. నీకు కుట్టి పంపాలనుకుంది. ఎక్కడికి పంపుతుంది? దొంగదారిన వెళ్ళినవాడికి అడ్రసేది? అడ్రసు వచ్చేసరికి ఆమె వేళ్ళు వంగడం మానేశాయి.

ఆ మాట కుట్టినప్పుడే నేను చూసి "అమ్మా, 'వ' వెయ్యాలి, 'బ' వేశావు, విప్పి మళ్ళీ కుట్టు" అన్నాను. అమ్మ ఏమందో తెలుసా? "నేను పలికినట్టే వేశానే. వాడికి నా గొంతు వినపడొద్దూ?" అంది.

జెండాకి ఆ ముక్క సరిగ్గా సరిపోతుంది, కానీ ఆ మూల కత్తిరించాలి. కత్తెర పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. వెనక వైపుకి తిప్పి కుట్టేశాను, ఎవరు చూస్తారులే అనుకున్నాను. నువ్వు చూడాలనుకున్నానా అని అడిగితే, నాకే తెలీదు. ఆ జెండా మీ ఊరొస్తోందని మాత్రం తెలుసు.

అందుకే అంటున్నా, నేను పిలవలేదు, అమ్మే పిలిచింది. ఆమె ఇప్పుడు గేటు దగ్గర లేదురా. ఇరవై అయిదేళ్ళు నిలబడి నిలబడి, నువ్వు రాకపోతే తనే బయల్దేరింది. కెప్టెన్ చేతుల్లో, ఊరంతా చూస్తుండగా, జర్మనీ దాకా వచ్చింది. బస్సులో వాంతి కూడా చేసుకోలేదు. బీరువా దగ్గర నువ్వు పట్టుకున్నది ఆమె చేతినే.

మొదటి చెయ్యి ఆమె వచ్చేసింది. రెండో చెయ్యి మన ఊళ్లో. ఇక నీ ఇష్టం.

రెండు ఒకటితో ఓడాం గానీ, వాళ్ళ ఊళ్లో కొట్టిన గోలుకి బరువెక్కువట. ఇక్కడ ఒక్క గోలు కొట్టి, వాళ్ళకి ఒక్కటీ ఇవ్వకపోతే మనమే ముందుకి. జెఫెరీనో సొరుగు తెరిచే ఉంచాడు.

అక్క


హెండే స్టేషన్, సరిహద్దు,
17 మార్చి 1997

అక్కా,

రైలు మారాలి. ఇక్కడ బండి రావడానికి టైముంది. కాఫీ తాగుతూ రాస్తున్నాను. ఈ ఉత్తరం నా వెనక వస్తుంది. అది వచ్చేసరికి నేను నీ వంటింట్లో ఉంటాను. నాకు చదివి వినిపించు, నేను సిగ్గుపడకుండా చేప తింటూ ఉంటాను.

మఫ్లరు ఎక్‌హార్ట్‌ది. చలికి వణుకుతుంటే తీసి నా మెడకి చుట్టాడు. ఇక చెయ్యెత్తానంటావా? ఆఫ్‌సైడ్ అక్కా! వాడు రెండడుగులు ముందున్నాడు! లైన్‌మన్ చూడ్డంలేదని చెయ్యెత్తి అరిచాను. ఆ మూడు వేల మందిలో ఆ గోలుకి చెయ్యెత్తి తిట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎక్‌హార్ట్ నాతో ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు. మీరేమో టికెట్టు ఊడదీశారు. రెండు వైపులా చెడ్డవాణ్ణయ్యాను.

నీ ఉత్తరం చదివి మళ్ళీ బీరువా దగ్గరికి వెళ్ళాను. ముసలాయన ఈసారి ఏమీ అడగలేదు, తీసిచ్చాడు. ఆ మాట మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివాను. నిజమేనక్కా, వినపడింది.

ఇక్కణ్ణుంచి కొండలు కనబడుతున్నాయి. పక్క బల్ల దగ్గర ఎవరో మన మాటే మాట్లాడుతున్నారు, వైన్‌ని 'విన్యు' అనక 'బిన్యు' అంటున్నారు. దిద్దాలని నాకేమీ అనిపించలేదు. భయంగా ఉంది. గేటు ఖాళీగా ఉంటే నన్ను కాసేపు వదిలెయ్యి, తలుపు వెంటనే తియ్యకు.

ఆడెలీనో


మోంతారెల్,
2 ఏప్రిల్ 1997

తమ్ముడూ,

హెండేలో నువ్వు వేసిన ఉత్తరం ఎక్కడెక్కడ తిరిగిందో, నిన్న వచ్చింది. నువ్వు వెళ్ళిన మర్నాడు. నిన్న అబద్ధాల రోజు కూడా, పోస్టుమ్యాన్ ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. వినిపించమన్నావు కదా. నీ కుర్చీ లాగి, ఎదురుగా కూర్చుని, పైకే చదివాను. చేప లేదు, నువ్వు మొత్తం తినేసి వెళ్ళావు.

తలుపు వెంటనే తియ్యకు అని రాశావు. అది చదవకముందే నేను తియ్యలేదు తెలుసా? నువ్వు రోడ్డు మలుపులో కనబడ్డప్పటి నుంచీ వంటింటి కిటికీలో ఉన్నాను. గేటు దగ్గర ఆగావు. పెట్టె కింద పెట్టావు. గేటు మీద చెయ్యి వేసి, సరిగ్గా అమ్మ నిలబడ్డచోట, ఇటు తిరిగి కాదు, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డావు. అమ్మకి ఏం కనబడేదో చూస్తున్నావని అర్థమైంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, కదల్లేదు. గేటు ఖాళీగా లేదురా. నువ్వున్నావు.

ఆట గురించి జనం ఇంకా చెప్పుకుంటున్నారు. ఒక్క గోలు వేశాం, అలాగే ఉండి ఉంటే గెలిచేవాళ్ళం. చివర్లో వాళ్ళు ఒకటి కొట్టారు. నువ్వు గింజల పొట్లం పారేసి లేచి, "ఆఫ్‌సైడ్!" అని చెయ్యెత్తావు. పక్కన జెఫెరీనో ఎత్తాడు. తర్వాత మన వరస, తర్వాత ఆ వైపు, ఫాదర్‌గారితో సహా ఊరు ఊరంతా చెయ్యెత్తింది. రిఫరీ వినలేదు, వాడి మొహం. మనం ఇంటికి, వాళ్ళు ముందుకి. కానీ ఇప్పుడు ఆ గోలు గురించి ఎవరూ మాట్లాడరు. "ఆడెలీనో చెయ్యెత్తాడు చూశావా!" అంటారు. దొర అన్నవాడే నిన్న నీకోసం ఒక సీసా వైన్ తెచ్చిచ్చాడు. అటక మీద పెట్టాను, నువ్వొచ్చాకే విప్పుతాను.

ఈస్టరు రోజు ఫాదర్‌గారు శిలువ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ మనింటికొచ్చినప్పుడు గుమ్మంలో నువ్వు చల్లిన పూలు ఇంకా ఊడవలేదు. వాడిపోయాయి. చీపురు తీస్తాను, మళ్ళీ పెట్టేస్తాను. ఇన్నేళ్ళూ నువ్వు లేకపోవడం నాకు అలవాటే. నువ్వు ఉండి వెళ్ళిపోవడం అలవాటు లేదు. ఇల్లు చాలా పెద్దదైపోయింది ఆడెలీనో.

అమ్మ అడిగినదానికి మాత్రం జవాబు దొరికింది. సమాధి దగ్గరికెళ్ళి చెప్పొచ్చాను. యూరప్ మార్చిలో వచ్చిందమ్మా అన్నాను.

దీంతో ఒక చేతిరుమాలు పంపుతున్నాను. మీ ఊరి బీరువాలోదాన్ని జర్మన్లు ఇవ్వరు, ఇవ్వొద్దు కూడా, శనివారం శనివారం చూసి రా. ఇది నీ జేబుకి. మిషను బట్టే, మరేం చెయ్యను. మాట మొదలుపెట్టినప్పుడు 'వ' వేద్దామనే సూది దించాను. ఊళ్ళో అందర్నీ దిద్దినదాన్ని, ఇంకోలా ఎలా వేస్తాను? కాసేపు ఆగాను. తర్వాత నోటితో పలికి చూసుకుని, పలికినట్టే వేశాను.

బోల్టా.

అక్క